కొండ వెనకపక్క దారి

పెనుకొండ కొండ కింద, మెట్ల దారి మొదలయ్యే చోట, రేకుల టీ అంగడి. మధ్యాహ్నం మూడు దాటింది. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే భూషణం పొద్దుటి నుంచీ అక్కడి బల్ల వదల్లేదు. హిందూపురం నుంచి వచ్చిన ఓబులేసు ఇప్పుడే ఎదురుగా కూర్చున్నాడు. ఏడాదిగా ఫోన్లలో కత్తులు దూసుకున్న ఈ ఇద్దరూ మొహాలు చూసుకోవడం ఇదే మొదలు.

"దారి ఉండాదని చెప్తి కదప్పా. ఇంగెన్ని తూర్లు అడుగుతావు?"

"నేను ఒక్కతూరే అడిగినా సార్. ఇంతకుముందు అడిగింది పోలీసాయన."

"ఆయనకీ అదే చెప్పినా. కొండ వెనకపక్క నుంచి ఎక్కుతాది, పైన బురుజు కాడ తేలుతాది. మా కోట ఆట మ్యాపులో గీసినా కదా. వాట్సాప్ గ్రూపులో అందరూ చూస్తానే ఉండారు."

"మ్యాపు నేనూ చూసినా సార్."

"చూసినావు. చూసి ఏమన్నావో కూడా నాకు గుర్తుండాది, ఓబులేసూ."

"ఆ సంగతి ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు? 'చీరల మీద నెమళ్ళు గీసుకునేవానికి కోటలెందుకు' అంటివి. గ్రూపంతా చూసె. నా అల్లుడు చూసె. మగ్గాలోళ్ళు చూసిరి. ధర్మవరంలో యాడికి పోయినా 'ఏం భూషణం, నెమళ్ళు ఎట్లుండాయి' అని నవ్వేది. వారం దినాలు అంగడికే పోలేదు నేను."

"తప్పే సార్. కోపంలో అన్నా."

"కోపమేంటికప్పా నీకు? నేను నీ చేను గట్టు జరిపినానా?"

"ఆ దారికి ఆధారం యాడుండాది అని అడిగినా. 'పెద్దలు చెప్పినారు' అంటిరి. ఏ పెద్దలు అంటే 'మర్యాదగా మాట్లాడండి' అంటిరి. మళ్ళ అడిగితే గ్రూపులోంచే తీసేస్తిరి."

"మా గ్రూపుకు ఉండేది ఒక్కటే షరతు. మర్యాద. యుద్ధాల గురించి మాట్లాడుకునే చోట యుద్ధం చేయకూడదు అని పైననే రాసి పెట్టినాం. నువ్వు మర్యాదగా అడిగితివా?"

"మొదట మర్యాదగానే అడిగినా. ఎవురూ పలకలేదు. 'ఏమయ్యా' అన్నాక పలికినారు."

"ఫోన్లో ఏమయ్యా. ఎదురుగా సార్."

"ఎదురుగా చూస్తే మీరు మా నాయన వయసు. ఫోన్లో వయసు కనపడదు సార్."

"టీ తాగుతావా?"

"వద్దు. కనపడకుండా పోయిన ఆ మారుతి ఇంట్లోంచి ఎప్పుడు బయలుదేరినాడంట?"

"ఇంగా తెల్లారకముందే అంట. సోమందేపల్లి నుంచి బండి మీద వచ్చినాడు. బండి ఆ మలుపులో పెట్టి, హెల్మెట్ దానికే తగిలించి పోయినాడు. అదిగో, ఆటోలో కూచోనుంది చూడు, వాళ్ళమ్మ పార్వతమ్మ. ఆ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకొని అట్లనే కూచోనుంది. నా పక్క చూడదు. పలకరిస్తే పలకదు."

"ఎందుకు పోయినాడో ఆమెకు తెలుసా?"

"ఏం తెలుస్తాది? 'చీరల సార్ గ్రూపులో పందెం మా, కొండెక్కి ఫోటో తీసుకొనొస్తా, టిఫిన్‌కంతా ఇంట్లో ఉంటా' అన్నాడంట. టిఫిన్ పొద్దుకు రాలేదు, పక్కింటోళ్ళతో చేయిస్తే ఫోనెత్తలేదు. ఆయమ్మ పోయి పోలీసులకు చెప్పుకునె. చీరల సార్ ఎవురు అని నన్ను పిలిపించిరి. పందెం పెట్టింది నేను కాదు కదప్పా. 'దమ్ముంటే మీ సారు గీసిన దారిలో ఒక్కడన్నా ఎక్కి ఫోటో పెట్టండి' అని ఎవురు రాసింది?"

"నేనే రాసినా."

"నిన్ను తీసేసినాక కూడా ఆ మాట ఆడనే తిరుగుతా ఉండె. ఒకరు పోయేది, దాన్నే మళ్ళ పైకి తెచ్చేది. మారుతి రోషం పట్టలేకపాయె. 'మా సార్‌ను అన్నోనితో సారీ చెప్పిస్తా, రేపు పొద్దున ఎక్కుతాండా' అని నిన్న సాయంత్రం రాసె."

"దానికి మీరేమన్నారు సార్?"

"నేనా?"

"మీరే."

"దండం పెట్టే బొమ్మ పెట్టినా."

"వద్దు అనలేదా?"

"వద్దంటే, ఎందుకొద్దు సార్ అని అడుగుతారు కదా."

"అడిగితే?"

"ఏమో పోప్పా. నువ్వొచ్చిందేంటికి ఈడికి? నన్ను పరీక్ష పెట్టేదానికా?"

"మారుతి కనపడల్యా అని ఎవురో నాకు ఫేస్‌బుక్‌లో పంపించినారు. డ్యూటీలో ఉండా. చెప్పేసి బస్సెక్కినా. కూచోబుద్ధి కాలేదు సార్."

"అదిగో, పోలీసాయన వస్తాండాడు. యల్లప్పా, ఇటు రాప్పా. ఏమన్నా కనపడెనా?"

"ల్యా సార్. అగ్నిమాపకమోళ్ళు పైన కోటంతా తిరిగినారు. బురుజు బురుజూ చూసినారు. పిలిచి పిలిచి గొంతులు పోయినాయి. ఈయనెవురు, ఈయన కూడా మీ యుద్ధాల గ్రూపేనా?"

"ముందర ఉండె. ఇప్పుడు ల్యా. ఓబులేసు అని, హిందూపురం."

"ఓ, ఆ ఓబులేసా. పొద్దుట్నుంచి మీ పేరు వింటానే ఉండా. నేను ఈడి కానిస్టేబుల్ని."

"అన్నా, వాని ఫోన్ ఏమైంది?"

"మోగుతాది. ఎత్తేవాళ్ళు లేరు. టవరు ఈడనే చూపిస్తాంది అంటారు. ఈడ అంటే కొండంతా ఈడే కదా. ఎవురికి చేసినాడు అనేది కంపెనీ నుంచి రేపటికి గాని రాదు. మీకేమన్నా చేసినాడా భూషణం సార్, ఇంగొకసారి చూడండి."

"చెయ్యలేదప్పా. చూడు, ఫోను ఈడనే ఉండాది. నిన్నటి నుంచి ఒక్కటి రాలేదు వానిది."

"మీకు?"

"నాకెందుకు చేస్తాడన్నా? నా మీదికి ఎగిరినోళ్ళలో మొదటోడు వాడే. ఆ సంగతి ఉండనీ. అన్నా, పైన కాదు వెతకాల్సింది. వెనకపక్క, కింద రాతి గుండ్లలో చూడండి."

"ఎందుకు?"

"ఆడ దారి ల్యా. మా అమ్మ పుట్టిల్లు ఆ కొండ వెనకాలే. ఎండాకాలం సెలవులంతా ఆ గుండ్ల కాడనే ఆడుకునేది నేను. మేకలు కూడా సగం ఎక్కి, ఆమైన ఎటూ పోల్యాక అరుస్తా నిలబడతాయి."

"మీరు ల్యా అంటారు. గీసిన సారు ఉండాది అంటాడు. నేను ఎవురి మాట వినల్ల? దారి ఉంటే మనిషి పైన ఉండల్ల, దారి ల్యాకుంటే కింద పడి ఉండల్ల. నా కాడుండే మనుషులు గుప్పెడు. వెనకపక్క చూడల్లంటే పైనోళ్ళనందర్నీ దింపల్ల, చుట్టూ తిరిగి పోవల్ల. ఆ గుండ్ల మేట మైలు పొడుగుండాది. ఆ మబ్బు చూడండి, ఎప్పుడు పడతాదో తెలీదు. ఒక్క పక్కకే పొద్దుండాది సార్."

"యల్లప్పా, నేను చెప్పింది..."

"మీరు చెప్పింది విన్నా సార్. పొద్దుట్నుంచి దాన్నే నమ్ముకొని పైన తిరుగుతాండాం. ఇద్దరూ కూచోని మాట్లాడుకోండి, ఒక మాట చెప్పండి. ఫోన్లో తేల్చుకోలేంది ఈడన్నా తేల్చుకోండి. నేను ఆయమ్మకు నీళ్ళిచ్చొస్తా."

"సార్, విన్నారు కదా."

"విన్నా."

"ఆ దారి మీకు ఎవురు చెప్పినారు?"

"పెద్దలు."

"పేరు?"

"నరసప్ప అని ఉండె. ఇప్పుడు ల్యాడు."

"యాడాయన?"

"కనగానపల్లి."

"కనగానపల్లి ఆయనకు పెనుకొండ కొండ వెనకపక్క దారి ఎట్ల తెలిసె సార్?"

"ఇదో, మళ్ళ మొదలుపెట్టినావు. గ్రూపులో కూడా ఇట్లనే. ఒకటి చెప్తే దాన్ని పట్టుకొని ఇంగొకటి. కోర్టులో లాయరు మాదిరి."

"నేను ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తా సార్. పొద్దున లేస్తే వంకలు వెతికేదే పని. తప్పుండేది పక్కన పడేస్తే జీతమిస్తారు. ఇంటికి పోయినా ఆ కన్ను మూతపడదు. మా ఆడది అంటాది, 'నువ్వు అన్నం తినేదానికి కూచోవు, రాళ్ళు వెతికేదానికి కూచుంటావు' అని."

"నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారప్పా పెద్దలు."

"యథార్థవాది లోకవిరోధి అని కూడా అన్నారు సార్. రెండూ మనోళ్ళే అన్నారు."

"నీకు మాటకు మాట వస్తాది."

"మాట కోసరం అడుగుతల్యా సార్. దారి గురించి అడుగుతాండా."

"ఆ ఆట ఎట్ల మొదలైందో తెలుసా నీకు?"

"సార్, టైము ల్యా."

"విను. కరోనా దినాల్లో మగ్గాలు ఆగిపాయె. డిజైన్లు అడిగేవాడు ల్యా. ఇంటి నిండా గ్రాఫు కాగితాలు. ఊరికే కూచోలేక ఆ గళ్ళలో కొండ గీస్తి, కోట గీస్తి. ఒక పక్క గోల్కొండ సేన, ఇంగొక పక్క కోట దళం. ఫోటో తీసి పెడితే మొట్టమొదట వచ్చింది మారుతి. సోమందేపల్లిలో హైవే మీద సెల్లు అంగట్లో పని వానికి. 'సార్, దీన్ని ఆట చేద్దాం. దినానికి ఒక ఎత్తు, ఫోన్లోనే పాచిక' అనె. వాడు లేకుంటే ఆట ల్యా, గ్రూపు ల్యా, ఈ భూషణాన్ని సార్ అనేవాడూ ల్యా."

"మొదట పెట్టిన మ్యాపులో ఆ దారి ఉండెనా?"

"గోల్కొండ పక్క ఆడేదానికి ఎవురూ ఒప్పుకునేవాళ్ళు కాదు అప్పట్లో. తెలుసా నీకు?"

"నేను చేరింది తరవాత. మొదట ఉండెనా దారి?"

"ఎట్ల ఒప్పుకుంటారు? ఎక్కేదానికి ఉండేది ఈ ఒక్క మెట్ల దారి. పైనుంచి రాళ్ళు దొర్లిస్తే సరిపాయె. ఎన్ని తూర్లు ఆడినా కోటే గెలిచేది. జనం విసుక్కొనిరి. ఒకరొకరే జారుకునిరి. మారుతి అనె, 'సార్, రెండు పక్కలా సమంగా ల్యాకుంటే ఆట చచ్చిపోతాది' అని."

"అందుకు?"

"అందుకేముంది. చీరకు రెండంచులుండల్ల కదా."

"సార్, సూటిగా చెప్పండి."

"చెప్తాండా కదప్పా. గద్దించద్దు నన్ను."

"గద్దించల్యా సార్. ఇదో, ఈ నీళ్ళు తాగండి. పొద్దుట్నుంచి ఏమీ తినలేదంట, అంగడామె చెప్పింది."

"నీ చేతి నీళ్ళు తాగే పొద్దు వస్తాదని అనుకోలేదు."

"తాగండి. సార్, నేను గెలిచేదానికి అడుగుతల్యా. మీ గ్రూపుకు మళ్ళ రాను. ఈ మాట యాడా రాయను. నా బిడ్డ మీద ఒట్టు. నెమళ్ళ మాట అన్నది తప్పు. బుద్ధి ల్యాక అన్నా. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. ఆయమ్మ ఒళ్ళో ఆ హెల్మెట్ చూడండి ఒకసారి. దారి ఉండాదా, ల్యాదా?"

"నువ్వు ఆ పొద్దు ఇట్ల అడిగింటే చెప్పేసింటి."

"ఇప్పుడు అడుగుతాండా కదా."

"ల్యా."

"ఏం ల్యా సార్?"

"దారి ల్యా. నేనే గీసినా. ఆ కొండ వెనకపక్క ఎట్లుంటాదో నేను యాపొద్దూ చూడలేదు."

"గీసినారు సరే. 'ఆట కోసరం గీసింది' అని కింద ఒక ముక్క రాసింటే అయిపోతా ఉండె కదా సార్."

"రాయల్లనే అనుకొంటి. పెట్టిన గంటకంతా 'అబ్బ సార్, ఎంత పరిశోధన చేసినారు' అని మొదలు పెట్టిరి. ఆ మాట నన్ను పుట్టినకాడి నుంచి ఎవురన్నా అన్నారా? నేను గీసిన చీర పెండ్లిలో మెరిసిపోతా ఉంటాది. దాని మీద నా పేరుంటాదా? అంగడోని పేరుంటాది. ఆ తీపి నాలికకు అంటె. రేపు రాద్దాం అనుకొంటి, ఎల్లుండి రాద్దాం అనుకొంటి. అంతలో నువ్వొచ్చి నెమళ్ళంటివి. ఇంగెట్ల ఒప్పుకునేది చెప్పు. ఒప్పుకుంటే నేను నెమళ్ళోడే అవుతా కదా."

"ఉన్న మాటంటే ఉలుకెక్కువ అనుకొంటి నేను."

"ఉన్న మాటే. చెప్పిన తీరు చెప్పుతో కొట్టినట్ల ఉండె."

"సరే సార్. ఇంగొక్కటి. ఆ దారి మొదలు యాడ గీసినారు? నిజం కొండ మీద అది యాడికి వస్తాది?"

"నాకెట్ల తెలుస్తాది? కాగితం మీద గీసింది."

"వాడు మీ మ్యాపు పట్టుకొని పోయినాడు సార్. మీరు మొదలు పెట్టిన చోటే వాడూ మొదలు పెట్టింటాడు. ఊరికే ఊహించి గీసినారా, దేన్నన్నా చూసి గీసినారా?"

"అంచు తిప్పినట్ల తిప్పినా."

"అంటే?"

"చీరకు ఒక అంచే గీస్తామప్పా. దాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తుకొని, బోర్లేసి అవతల పక్క ఆనిస్తే రెండో అంచు వస్తాది. ముప్పై ఏండ్ల నుంచి అదే చెయ్యి. ఈ మెట్ల దారినే అట్ల ఎత్తి, కొండకు ఆ పక్క బోర్లేసినా. వంకర టింకరలతో సహా."

"అంటే మెట్లు మొదలయ్యే చోటికి సరిగ్గా ఎదురు. కొండ అవతల."

"సరిగ్గా ఎదురు. గడి కూడా తప్పదు."

"మెట్లు మొదలయ్యేది ఈ అంగడి కాడ. దీనికి ఎదురు ఆ పక్క అంటే... జారుడు బండ. అయ్యో సార్."

"ఏమైందప్పా?"

"జారుడు బండ పైన రెండు గుండ్ల నడమ సందుంటాది. కింద నుంచి చూస్తే అచ్చం దారి మాదిరే ఉంటాది. కొంత దూరం ఎక్కనిస్తాది కూడా. ఆమైన పైకి పోల్యాం. దిగల్లంటే కాలు యాడ పెట్టల్లో తెలిసినోడు కింద నుంచి చెప్పల్ల. యల్లప్పన్నా, ఇటు రా. బిరీన రా అన్నా."

"ఏం, తేలిందా?"

"తేలింది. దారి ల్యా. సారే చెప్పినాడు."

"నిజమా సార్?"

"నిజమప్పా."

"పొద్దున వచ్చినాక మొట్టమొదట అడిగింది ఇదే కదా సార్ మిమ్మల్ని. ఆటోలో ఆయమ్మ కూడా ఉండె."

"ఆయమ్మ ఎదురుగా అడిగితివి కదప్పా. నోరు రాలేదు."

"మిమ్మల్ని ఒక మాట అనేదానికి కూడా ఇప్పుడు పొద్దు ల్యా. యాడ చూడమంటారు?"

"అన్నా, జారుడు బండ కాడ. రెండు గుండ్ల సందు కింద. నేనూ వస్తా."

"మీరొద్దు. ఆ పక్క మేకలు తోలే పాపమ్మ ఉంటాది, ఆయమ్మ చూపిస్తాది. మీరిద్దరూ పార్వతమ్మను కనిపెట్టుకొని ఉండండి. వెనకపక్క అని తెలిస్తే ఆమె నడిచే వస్తాది. ఆపేవాళ్ళుండల్ల."

జీపు కొండ చుట్టూ తిరిగి వెళ్ళింది. చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ బల్లను రేకుల లోపలికి జరుపుకున్నారు.

"నువ్వు గెలిచినావప్పా."

"ఏం గెలుపు సార్."

"ల్యా, గెలిచినావు. రేపు గ్రూపులో రాస్తా. దారి నేను గీసింది, ఓబులేసు అడిగింది నిజం అని రాస్తా. నవ్వితే నవ్వనీ."

"మారుతి రానీ. వాడే రాయనీ."

"వాడొస్తే ఆ మ్యాపు వాని ఎదురుగానే చించేస్తా."

"చించద్దు సార్. ఆ దారి ఒక్కటీ తుడిచేయండి. మిగిలిందంతా బాగుండాది. మీ మ్యాపు పట్టుకొని నేను ఈ కోటంతా ఒకతూరి తిరిగినా, తప్పు పట్టుకుందామని. గోడ మలుపులు, బురుజులు, అన్నీ సరిపాయె. ఒక్కటీ దొరకలేదు."

"ఈ మాట ఏడాదిలో ఒక్కతూరన్నా అనింటే."

"అలవాటు ల్యా సార్. మా కాడ బాగుండే సరుకుకు ముద్రేసి పంపించేస్తాం. దాని గురించి మాట్లాడం. తప్పుండే దాని గురించే మాట్లాడతాం."

"నీ మీద మారుతికి కోపం ల్యాదప్పా. వాడు ఎగిరింది నా కోసరం. మనసులో ఏం పెట్టుకునేవాడు కాదు."

"వానిదేం తప్పు ల్యా. మిగిలినోళ్ళు చేసిందే ఎక్కువ. గ్రూపులోంచి తీసేసినాక నా ఫేస్‌బుక్‌లో నంబరు పెట్టినా సార్. 'ఆ కొండ వెనకపక్క సంగతి తెలియల్లంటే నన్నడగండి, చెప్తా' అని. మంచికే పెట్టినా. అడిగినోడు ఒక్కడు ల్యా. తిట్టేదానికే చేసిరి. మా అమ్మను తిట్టిరి. నా బిడ్డ ఫోనెత్తితే బిడ్డను తిట్టిరి."

"మా వాళ్ళా?"

"మీ మర్యాద గ్రూపోళ్ళే."

"మారుతి కూడా తిట్టెనా?"

"ఆ... ల్యా. నిజం చెప్పల్లంటే వాడు తిట్టలేదు. మొదట చేసింది వాడే. 'అన్నా, మీరు చెప్పేది నిజమే కావచ్చు, మా సార్ మనసు నొచ్చుకుంది, ఒక్క సారీ చెప్పండి' అనె. నేనే నాలుగు మాటలని పెట్టేసినా."

"ఏమన్నావు?"

"అవెందుకు సార్ ఇప్పుడు. ఆమైన తిట్లు ఎక్కువైతాంటే ఇంట్లో పోరు పడలేక, గ్రూపోళ్ళ నంబర్లన్నీ మోగకుండా చేసి పడేసినా. అప్పట్నుంచి నిమ్మళంగా ఉండాది."

"వాన ఎక్కువయితాంది."

"ఆటోలో ఆయమ్మ తడుస్తాంది సార్. పరదా దింపొస్తా."

"నేను పోతా ఉండు. నేను పోవల్ల."

"మీరు పోతే ఏమంటాదో."

"ఏమన్నా అననీ."

భూషణం వానలోనే ఆటో దాకా వెళ్ళి వచ్చాడు.

"ఏమనలేదప్పా. పరదా దింపుతాంటే చెయ్యి పట్టుకొని, 'సార్, మా వానికి మీరంటే దేవుడు. మీరు పిలిస్తే పలుకుతాడేమో, ఒకసారి పైకి చూసి పిలవండి' అనె."

"పిలిచినారా?"

"ల్యా. పరదా దింపి వచ్చేస్తి."

"జీపొస్తాంది సార్."

"ఎవురు దిగుతాండారు?"

"యల్లప్పొక్కడే."

"వెనక ఎవురూ లేరా? సరిగ్గా చూడప్పా."

"లేరు సార్. అన్నా, దొరికినాడా?"

"దొరికినాడు."

"ఎట్లుండాడు?"

"మెల్లగా మాట్లాడండి. ఆయమ్మ ఇటే చూస్తాంది."

"ఉండాడా అన్నా?"

"ల్యాడు. రెండు గుండ్ల సందు కిందనే, మీరు చెప్పిన చోటే. పైనుంచి పడితే ఏముంది, నడుము, తల..."

"తెల్లారే పడిపోయినాడా యల్లప్పా? పడినప్పుడే పోయినాడా?"

"సార్, అవన్నీ డాక్టర్లు చెప్తారు."

"నువ్వు చూస్తివి కదప్పా. చెప్పు."

"ఒళ్ళు ఇంగా వెచ్చగానే ఉండాది సార్. మధ్యాహ్నం దాకా ఉండినట్లుండాడు. మట్టిలో చేత్తో గీరుకొని నీడకు జరిగినాడు కొంచెం."

"మధ్యాహ్నమా? నేను పొద్దుననే చెప్పింటే..."

"ఇప్పుడొద్దు సార్."

"పొద్దుననే నోరు తెరిచింటే బతికేవాడు. ఓబులేసూ, నేను చంపినా వాన్ని. నీ నోటితో ఏమంటావో అను. గ్రూపులో అన్నట్ల అను. నేను పలకను."

"అనను సార్. కూచోండి."

"అనప్పా."

"నా కాడ మాటలు లేవు సార్. కూచోండి."

"ఇద్దరూ ఒక్క నిమిషం వినండి. ఆయమ్మ కాడికి పోయేలోగా ఇది తేలల్ల. ఫోను దొరికింది. మనిషి కిందుండాడు, ఫోను పైన సందులో, వాడు ఎక్కి ఇరుక్కున్న చోట ఉండాది. చేతిలోంచి జారి ఆడనే పడిపోయింటాది. పడినాక ఎవురికీ చెయ్యలేకపోయినాడు. పడకముందు చేసినాడు."

"ఎవురికి?"

"లాక్ కూడా పెట్టుకోలేదు. తీసి చూసినా. తెల్లారినప్పట్నుంచి ఒకే నంబరుకు. మళ్ళ మళ్ళ. ఎత్తుతారేమో అని ఆగి ఆగి చేసినాడు."

"వాళ్ళమ్మకా?"

"ఆయమ్మకు ఫోన్ యాడుండాది సార్?"

"నాకు రాలేదప్పా. చూడు, నువ్వే చూడు."

"మీకు చెయ్యలేదు. గుండ్ల నడమ ఇరుక్కున్నోడు మ్యాపు గీసినోన్ని పిలవడు కదా, దిగేది ఎట్లనో తెలిసినోన్ని పిలుస్తాడు. పేరు కూడా ఏసుకున్నాడు చూడండి. 'కొండ తెలిసిన ఓబులేసన్న' అని."

"ఓబులేసూ. నీకు చేసినాడా? పొద్దుట్నుంచి నీకు చేసినాడా? ఎత్తలేదేమప్పా? నీ ఫోన్ మోగనే లేదా?"

"మోగదు సార్. అందరికంటే ముందు బ్లాక్ చేసింది వాన్నే."